అడవితో చుట్టరికం: నల్లమలలో ముప్ఫై ఏళ్లు తిరిగినవాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మొదటిసారి ఒంటరిగా నల్లమలలోని మల్లెలతీర్థం జలపాతానికి వెళ్లి, మెట్లు దిగి, ఆ నీళ్ల ముందు కూర్చోగానే కారణం లేకుండా ఏడుపొచ్చిందన్నారు. ఆర్నెల్ల తరువాత స్నేహితులతో వెళ్తే ఏమీ అనిపించలేదు, మూడోసారి ఏప్రిల్‌లో వెళ్తే నీళ్లే సరిగా లేవు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, టెన్షన్, నిద్ర పట్టదు. ఏదో వీడియోలో జపాన్ వాళ్ల 'అటవీ స్నానం' గురించి విని, ఒక అడవితో మనసుకు దగ్గరైన బంధం, వీలైతే ఆధ్యాత్మిక బంధం ఏర్పడాలంటే ఏం చేయాలి, దీనికి గురువు కావాలా, పద్ధతి ఏదైనా ఉందా అని అడిగారు.

గురువు అక్కర్లేదు. పద్ధతి ఉంది గానీ చాలా నెమ్మదైన పద్ధతి, చెప్పుకోవడానికి గొప్పగా కూడా ఉండదు. దాని గురించి చెప్పేముందు నేనెవరో చెప్పాలి, లేకపోతే ఈయనెవరో కాషాయం కట్టినాయన అనుకుంటారు.

నేను 1989లో కరెంటు పనిలో చేరాను. ఆత్మకూరు, దోర్నాల, శ్రీశైలం మధ్య లైన్లు చూసే పని. టవర్ నుంచి టవర్‌కు నడుస్తూ, పగిలిన ఇన్సులేటర్లు రాసుకుంటూ, తీగలకు తగిలేలా పెరిగిన చెట్లను కూలీలతో కొట్టిస్తూ పోవాలి. అంటే అడవిని నేను మొదట చూసింది గొడ్డలి పట్టుకున్న వైపు నుంచి. ఆ రోజుల్లో అటు అన్నలు, ఇటు పోలీసులు, మధ్యలో మాలాంటి వాళ్లు. ఇద్దరూ ఆపి అడిగేవాళ్లు, ఇద్దరికీ మా టిఫిన్ క్యారియర్ విప్పి చూపించేవాళ్లం. అడవి అంటే ప్రేమా దోమా ఏమీ లేదు నాకు. ఎప్పుడు సాయంత్రమవుతుందా, ఎప్పుడు ఆత్మకూరు బస్సు ఎక్కుదామా అని ఉండేది.

1996 ఎండాకాలం అనుకుంటాను, ఒకచోట లైన్ కింద ఒక నారేపి చెట్టు కొట్టించాను. నారేపి మీరు చూసే ఉంటారు, పేరు తెలిసి ఉండదు. పొడుగ్గా పెరిగి కొమ్మలు కిందికి వాలుస్తుంది. ఆకులు జంటగా, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టుంటాయి, బెరడు నుంచి నార తీసి తాళ్లు పేనుతారు. కర్ర మహా గట్టిది. మా వాళ్లకు దాన్ని పడగొట్టడానికి పొద్దంతా పట్టింది. పడిన తరువాత చూస్తే చెట్టు మొదలు దగ్గర ఒక రాయి ఉంది. గుండ్రంగా, గుమ్మడికాయంత, నూనె పట్టి నల్లబడింది, దానిమీద ఎండిపోయిన ఆకు ఒకటి. మాకెవరికీ అంతకుముందు అది కనబడలేదు.

మధ్యాహ్నం దాటాక గూడెం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చెంచు మనిషి, భుజాన చిన్న గొడ్డలి, నెరిసిన జుట్టు ముడి. గొడవ పడతాడేమోనని మా కూలీలు లేచి నిలబడ్డారు. ఆయన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. "కరెంటుకు అడ్డమొచ్చిందా సామీ?" అని అడిగాడు. ఔనన్నాను. ఇంకేం మాట్లాడలేదు. వంగి రాయిని రెండు చేతులతో ఎత్తి పొట్టకు ఆనించుకుని, ఓ నలభై అడుగులు నడిచి, లైన్‌కు బాగా పక్కగా ఉన్న ఒక నల్లమద్ది చెట్టు కింద పెట్టాడు. కదలకుండా చుట్టూ చిన్న రాళ్లు సర్దాడు. సొరకాయ బుర్రలో నీళ్లు సగం దాని మీద పోసి, మిగిలిన సగం తను తాగాడు. "లింగమయ్యా, ఈడ ఉండు" అన్నాడు, మనం ఇంట్లో ముసలివాళ్లను వేరే గదిలోకి మార్చేటప్పుడు చెప్పినట్టు.

ఆ రోజు రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆయన తిట్టి ఉంటే పట్టేదేమో.

తరువాతి వారం ఆ పక్కకు పని లేకపోయినా వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ సూటిగా చెప్పలేను. తప్పు చేసినవాడు ఆ ఇంటి చుట్టూ తిరిగినట్టు. రాయి అక్కడే ఉంది. నా సీసాలో నీళ్లు కొంచెం పోశాను. అక్కడ మొదలైంది. రిటైరయ్యాక కూడా ఏడాదికి ఆరేడుసార్లు అదే చెట్టు దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. అటవీ శాఖ బీట్‌లో చెప్పి, గూడెం వాళ్లతో కలిసి. మీరు 'బంధం' అని ఏదైతే అడిగారో, నాకు తెలిసినంతలో అది ఇదే.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం.

జపాన్ వాళ్లది తప్పు అనడం లేదు. షిన్రిన్ యోకు, అంటే అటవీ స్నానం, అనే మాటను 1982లో అక్కడి అటవీ శాఖే ప్రచారంలోకి తెచ్చింది, పట్నాల్లో నలిగిపోతున్న జనాన్ని అడవులకు రప్పించడానికి. వాళ్ల అడవులు చల్లగా, తేమగా, దేవదారును పోలిన చెట్లతో ఉంటాయి. అక్కడ నిదానంగా నడుస్తూ గాలి పీలిస్తే స్నానం చేసినట్టే ఉంటుంది కాబోలు. నల్లమలలో ఏప్రిల్ మధ్యాహ్నం అలా స్నానం చేయబోతే వడదెబ్బ తగులుతుంది. మనది ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి రాలడం మొదలై మార్చి ఆఖరుకు చాలా చెట్లు మోడులే. మీరు మూడోసారి వెళ్లి నిరాశపడింది ఆ కాలంలోనే. నిజానికి అడవి మీకు దాపరికం లేకుండా కనబడింది అప్పుడే, మీరేమో నీళ్లు లేవని తిరిగొచ్చేశారు.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది ఆ స్నానం అనే మాటలో. స్నానం చేసినవాడు ఒళ్లు తుడుచుకుని ఇంటికి పోతాడు, చెరువు ఎలా ఉందో వాడికి పట్టదు. మన దగ్గర అడవిలో బతికేవాళ్లు వాడే మాటలు వేరు. చెంచులు అడవితో, అక్కడి దేవుళ్లతో వరసలు కలుపుతారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి ఆయన వాళ్లకు అల్లుడు. దేవుడు అని దండం పెడతారు, అల్లుడని పరాచికాలూ ఆడతారు. సంక్రాంతి కనుమకు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకీ ఎక్కి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు, తన కల్యాణానికి రమ్మని తనే పిలవడానికి. పెళ్లిపిలుపులకు ఊరూరా తిరిగే దేవుణ్ని నేనింకెక్కడా చూడలేదు. ఆ పల్లకీ వైపు చెంచులు బాణం వేయడం ఒక ఆచారం. శ్రీశైలం మల్లికార్జునుడు కూడా వాళ్లకు చెంచు మల్లన్నే.

తేనె సంగతి తీసుకోండి. కొండ అంచు నుంచి తాడు మీద వేలాడుతూ తేనెపట్టు దగ్గరికి దిగేవాడి తాడు పైన ఎవరు పట్టుకోవాలి? బావమరిది. తన అక్కో చెల్లెలో ముండమోయడం ఎవడికీ ఇష్టం ఉండదు కదా, అందుకని. అన్నదమ్ముణ్ని నమ్మరు, బావమరిదిని నమ్ముతారు! ఇది విన్నప్పుడు నేను బాగా నవ్వాను, తరువాత మా ఆస్తి పంపకాలు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. వేటలో ఏదైనా దొరికితే ముందు గారెల మైసమ్మకు కొంచెం పెట్టి తరువాతే తినాలి. ఇచ్చినవాళ్లకు ముందు పెట్టకుండా తినడం అంటే చుట్టరికంలో ఎంత తప్పో అక్కడా అంతే తప్పు.

అందుకే నేను బంధం అనే పెద్ద మాట పక్కనపెట్టి చుట్టరికం అంటాను. చుట్టరికం ఎలా నిలుస్తుందో మీ అమ్మగారిని అడగండి, చెప్తారు. ఏడాదికోసారి పెళ్లికి పోయి ఫొటో దిగితే నిలవదు. వాళ్లింట్లో జ్వరం వచ్చినప్పుడు పోవాలి, పంట పోయినప్పుడు పోవాలి, పని లేకపోయినా పోయి మంచినీళ్లు తాగి కాసేపు కూర్చుని రావాలి. పోయేటప్పుడు చెప్పి పోవాలి, వచ్చేటప్పుడు చెప్పి రావాలి.

చెప్పి పోవడం, చెప్పి రావడం అంటే గుర్తొచ్చింది. మల్లెలతీర్థం దాకా వెళ్లినవారు సలేశ్వరం పేరు వినే ఉంటారు. అమ్రాబాద్ వైపు అడవిలో, చైత్ర పౌర్ణమికి జాతర. మిగతా రోజుల్లో ఎవరినీ పోనివ్వరు. రాళ్ల దారిలో లోయలోకి దిగాలి, కింద గుహలో లింగమయ్య, పైనుంచి జలపాతం. వెళ్లేటప్పుడు దారి పొడుగునా జనం "వస్తున్నం లింగమయ్యో" అని కేకలేస్తారు, తిరిగి వచ్చేటప్పుడు "పోతున్నం లింగమయ్యో" అంటారు. ఎన్ని మంత్రాలు విన్నానో గానీ ఈ రెండు ముక్కలంత నాకు ఏవీ పనికిరాలేదు. నేను ఇప్పటికీ అడవిలోకి అడుగుపెట్టేటప్పుడు మనసులో మొదటిది, బయటికి వచ్చేటప్పుడు రెండోది అనుకుంటాను. మీరు దేవుణ్ని నమ్మకపోయినా ఫరవాలేదు, లింగమయ్య స్థానంలో ఇంకేదైనా పేరు పెట్టుకోండి. కానీ పైకి అనండి. పెదాలు కదిపితే మనిషి ఆగుతాడు. కారు డోరు వేసిన వేగంతోనే అడవిలోకి దూరడం ఆగుతుంది.

ఇక పని మాట. మల్లెలతీర్థం మీకు నచ్చింది సరే, దాన్ని పట్టుకుని వేలాడకండి. అక్కడ మీరు పోటీపడేది మీ మొదటి ఏడుపుతోనే, దానిముందు ఏ రోజైనా చప్పగానే ఉంటుంది. జలపాతాలు, వ్యూ పాయింట్లు, 'ఇక్కడ శక్తి ఉంది' అని ఎవరో చెప్పిన గుహలు, ఇవన్నీ మొదటి చూపుకే. రోజూ చూసుకోవడానికి ఒక మామూలు చోటు కావాలి. ఒక చెట్టు, చిన్న వాగు మలుపు, ఒక పుట్ట. చెప్తే ఎవరూ చూడ్డానికి రాని చోటు. ఎంత చిన్నదైతే అంత మంచిది. నాకు ముప్ఫై ఏళ్లలో దక్కింది ఒక నల్లమద్ది, దాని చుట్టూ ఓ వంద గజాలు. నల్లమల మొత్తం తెలుసని నేననను. కృష్ణ నుంచి పెన్న దాకా పాకిన కొండలు అవి. పాత నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఒక్కటే 3,568 చదరపు కిలోమీటర్లు, రాష్ట్రం విడిపోయాక అందులో తెలంగాణ భాగం అమ్రాబాద్ అయింది. అంతా తెలుసు అన్నవాడు జీపులో తిరిగినవాడై ఉంటాడు.

ఆ వంద గజాలకు అన్ని కార్తెల్లోనూ వెళ్లాలి. ఇది మాత్రం గట్టిగా చెప్తాను, మిగతావి మరిచినా సరే.

ఆరుద్ర కార్తె వచ్చాక, ఒక మంచి వాన పడి వెలిసిన పొద్దున, ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు తిరుగుతుంటాయి, మఖమలు గుడ్డ ముక్క కోసి వదిలినట్టు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకున్నవే. అవి కనబడేది ఏడాదిలో కొద్ది రోజులే. ఒక ఏడాది నేను మూడు రోజులు ఆలస్యంగా వెళ్లాను, ఒక్కటి లేదు. మళ్లీ ఏడాది ఆగాల్సి వచ్చింది. అడవి మన సెలవులకు అనుగుణంగా నడవదని బుర్రకెక్కింది అప్పుడే. కార్తీకంలో గడ్డి మనిషెత్తు ఉంటుంది, అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు, నాకు భయమేసే కాలం అది, అప్పుడు బాట వదిలి పక్కకు పోను. పుష్యంలో పొద్దున పూట మంచు దిగి చెట్లు నీళ్లు కారుస్తుంటాయి, వాన పడుతోందనుకుని పైకి చూస్తే ఆకాశం తేటగా ఉంటుంది. మాఘం దాటాక మోదుగు పూస్తుంది, ఆకు ఒక్కటి ఉండదు, కొమ్మ నిండా చిలకముక్కు పువ్వులు. ఆ తరువాత ఇప్పపూలు. తెల్లవారుజామున రాలతాయి, ఆ తీపి కుళ్లు వాసన నచ్చడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఎలుగుబంట్లకు మాత్రం మొదటిరోజు నుంచే నచ్చుతుంది, కాబట్టి ఇప్ప చెట్ల కింద చీకటితో తిరగకండి.

రోహిణి కార్తెలో వెళ్లండి. నన్నడిగితే ముఖ్యంగా అప్పుడే వెళ్లాలి. అంతా ఎండిపోయి, నేల మీద ఆకులు అప్పడాల్లా విరుగుతూ, ఎక్కడో తగలబెట్టిన కంపు. తపసి చెట్లు తెల్లటి ఒంటితో, ఆకు లేకుండా, ఒంటికి బూడిద పూసుకున్న సాధువుల్లా నిలబడి ఉంటాయి. అందుకే ఆ పేరు పెట్టారేమో అనిపిస్తుంది. ఆ ఎండలో నల్లమద్ది మాత్రం ఏమీ పట్టనట్టు ఉంటుంది. దాని బెరడు మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది, నిప్పును కూడా కొంత ఆపుతుంది. కొన్ని నల్లమద్ది చెట్ల బోదెకు బుడిపెలుంటాయి, లోపల నీళ్లు నిలవ ఉంటాయి. 2024లో పాపికొండల అడవిలో అటవీ సిబ్బంది అలాంటి బుడిపె కోస్తే నీళ్లు చిమ్మిన వీడియో మీరూ చూసే ఉంటారు, అక్కడి కొండరెడ్లకు అది ఎప్పటినుంచో తెలిసిన సంగతి. (చూశాం కదా అని చాకు తీసుకుపోయి మీరూ కోయకండి. ఆ వీడియో వచ్చాక నన్ను ముగ్గురు అడిగారు, ఏ చెట్టుకు కోయాలని.) నేను ఏడాదంతా నీళ్లు పోస్తున్నానని గర్వపడిన చెట్టు, నాకంటే ఎక్కువ నీళ్లు కడుపులో పెట్టుకుని ఉంది. ఆ సంగతి తెలిసిన రోజు కాస్త సిగ్గుపడ్డాను.

పేర్లు నేర్చుకోండి. చుట్టాల ఇంటికి పోయి "ఏయ్, ఆ పొడుగాయనా" అని పిలవం కదా. మొదటి ఏడాదికి పది చెట్లు చాలు: నల్లమద్ది, నారేపి, టేకు, తునికి, మోదుగ, ఇప్ప, ఉసిరి, మారేడు, తపసి, వేగిస. తెలుగు పేరు, ఆ ప్రాంతం వాళ్లు పిలిచే పేరు, రెండూ రాసుకోండి, అవి ఒక్కోసారి కలవవు. యాప్‌లో ఫొటో తీసి పేరు తెలుసుకోవచ్చు, తప్పేం లేదు గానీ దానికి చెట్టు వాసన తెలియదు. మనుషులను అడగండి. తునికాకు కోసే ఆడవాళ్లను, మేకలు కాసేవాళ్లను, బీట్‌లో పనిచేసే వాచర్లను. వాచర్లలో చాలామంది చెంచులే, నేను నేర్చుకున్న దాంట్లో సగం వాళ్ల దగ్గర్నుంచే.

గూడేలకు, పెంటలకు (చెంచుల ఆవాసాలను అలా అంటారు) మాత్రం చూడ్డానికి అన్నట్టు పోకండి. పిల్లలకు బిస్కెట్ పాకెట్లు పంచి ఫొటోలు దిగే బ్యాచ్‌లు ప్రతి ఆదివారం వస్తారు, మీరు ఆ పని చేయరని నమ్ముతాను. ఎవరైనా పిలిస్తే పోండి, పిలవకపోతే దారిన పోతూ ఒక పలకరింపు చాలు. నన్ను ఆ పెద్దాయన ఇంటికి పిలవడానికి ఆరేళ్లు పట్టింది. పిలిచిన రోజు కూడా పెద్ద మాటలేం లేవు. దుప్పటి పరిచి కూర్చోబెట్టి, చిన్న గిన్నెలో తేనె పెట్టి, మా ఆవిడ ఎలా ఉందని అడిగాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఆధ్యాత్మికం గురించి అడిగారు కదా, దాటేస్తున్నాననుకోకండి. శ్రీశైలం చుట్టుపక్కల ఈ విషయం మాట్లాడాలంటే నాకు కొంచెం బెరుకు. పన్నెండో శతాబ్దంలో అక్క మహాదేవి కన్నడ దేశం నుంచి ఒంటరిగా ఈ అడవుల్లోకి నడిచొచ్చి కదళీవనంలో మల్లికార్జునుడిలో కలిసిపోయిందని చెప్పుకుంటారు. ఇప్పటికీ ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది ఆత్మకూరు మీదుగా వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కొండెక్కి శ్రీశైలం చేరతారు. కొందరు కాళ్లకు కర్రలు కట్టుకుని నడుస్తారు. ఆ దారిలో మెట్లు రెడ్డి రాజుల నాటివని చెప్తారు. నేను నాలుగు ఉగాదులు వాళ్లతో నడిచాను. నాగలూటి దాటాక ఒక ముసలావిడ, అరికాళ్లు పగిలి రక్తం, కూర్చుని గుడ్డ కట్టుకుంటోంది. నాకొచ్చిన ముక్కల కన్నడంలో "ఎందుకమ్మా ఇంత కష్టం, బస్సుంది కదా" అన్నాను. పుట్టింటికి బస్సులో కూడా పోవచ్చు గానీ నడిస్తేనే అన్నకు తెలుస్తుంది ఎంత దూరం నుంచి వచ్చానో, అంది. మల్లయ్య ఆమెకు అన్న! అహోబిలంలో నరసింహస్వామి అల్లుడు, ఇక్కడ మల్లయ్య అన్న, మొత్తం మీద ఈ కొండల్లో దేవుళ్లకు చుట్టాలు ఎక్కువ.

నా సొంత అనుభవం అడిగితే, నాకు వెలుగులు కనబడలేదు, గొంతులు వినబడలేదు. జరిగింది ఒక్కటే. ఆ చెట్టు కింద కూర్చుంటే కొన్నిసార్లు, అన్నిసార్లూ కాదు, అడవికి నా ఊసే లేదని తెలుస్తుంది. నేను వచ్చానని చీమల బారు ఆగదు. మా అబ్బాయి ఉద్యోగం, నా బీపీ, తమ్ముడితో గొడవ, ఇవేవీ అక్కడ లెక్కలోకి రావు. మొదట్లో ఇది కొంచెం గుచ్చుకునేది, ఇంత దూరం వస్తే పట్టించుకోరేమని. తరువాత తరువాత అదే హాయిగా ఉండడం మొదలైంది. ఇంట్లో, ఆఫీసులో, ఫోన్‌లో పొద్దస్తమానం ఎవరో ఒకరు మనల్ని చూస్తూనే ఉంటారు, లెక్క అడుగుతూనే ఉంటారు. ఎవరూ చూడని చోట గంటసేపు కూర్చోవడం ఎంత పెద్ద విషయమో మీ వయసులో నాకు తెలిస్తే బాగుండేది. మీకు మొదటిరోజు వచ్చిన ఏడుపు కూడా ఇలాంటిదేనేమో. ఎవరూ చూడటం లేదు కాబట్టి వచ్చింది. రెండోసారి స్నేహితులున్నారు, రాలేదు. ఇందులో మాయ ఏమీ లేదు.

ఇంతకీ అక్కడ కూర్చుని ఏం చేయాలి అంటారా? ఏమీ చేయనవసరం లేదు. ధ్యానం అలవాటుంటే చేసుకోండి, నేనైతే చేయను, కళ్లు మూసుకుంటే చూడాల్సింది పోతుంది. మొదటి ఇరవై నిమిషాలు అడవి మౌనంగా ఉంటుంది, మీరొచ్చిన అలికిడికి. ఆ తరువాత ఒక్కొక్కటీ తమ పని మొదలుపెడతాయి. ముందు చిన్న పిట్టలు, తరువాత ఉడత, అదృష్టం ఉంటే దూరంగా దుప్పి. చాలామంది పదిహేను నిమిషాలకే లేచి 'ఏమీ లేదు' అని వెళ్లిపోతారు. సరిగ్గా తెర లేచే ముందు!

భయం గురించి కూడా ఒక ముక్క. భయం పోవాలని చూడకండి. ఒకసారి సాయంత్రం పని ముగించి వస్తూ, లైన్ దారి వదిలి అడ్డదారి పట్టి, అరగంటలో తెలిసిన రాయినే మూడోసారి చూశాను. సెల్‌ఫోన్లు లేని రోజులు. చీకటి పడుతుంటే దగ్గర్లో కణితి (పెద్ద జాతి జింక) అరిచింది, గొట్టంలోంచి ఊదినట్టుండే ఆ అరుపు, పులినో చిరుతనో పసిగడితే అలా అరుస్తుంది. నా ఒంట్లో వెంట్రుక వెంట్రుకా లేచింది. ఒక బండ ఎక్కి తెల్లారేదాకా కూర్చున్నాను, అగ్గిపెట్టెలో ఎన్ని పుల్లలున్నాయో వందసార్లు లెక్కపెట్టాను, పదకొండు. పొద్దున్నే చూస్తే రోడ్డు నాలుగు వందల అడుగుల దూరంలో ఉంది. అప్పటినుంచి నాకు తెలిసినవాడికి చెప్పకుండా, సాయంత్రం నాలుగు దాటాక అడవిలో ఉండను. భక్తి వేరు, మొండితనం వేరు.

ఇంకో మాట, చట్టం. పులుల అభయారణ్యంలో అనుమతి లేకుండా లోపలికి నడవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. శ్రీశైలం రోడ్డు మీద అడవి భాగంలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేస్తారు, దాన్ని తిట్టుకోకండి, రాత్రి ఆ రోడ్డు అడవి జంతువులది. కానీ అనుమతితో ఉండే చోట్లున్నాయి. తెలంగాణ వైపు మన్ననూరు, ఫరహాబాద్ దగ్గర, ఆంధ్ర వైపు బైర్లూటి, తుమ్మలబైలు, పచ్చర్ల దగ్గర అటవీ శాఖ విడిదులు, సఫారీలు ఉన్నాయి. వానాకాలంలో చాలావరకు మూసేస్తారు, ముందే కనుక్కుని వెళ్లండి. జీపు సఫారీ వల్ల చుట్టరికం కలవదు, కానీ ఆ విడిదిలో రెండు రాత్రులు ఉండి, సఫారీ మానేసి, పొద్దున ఐదింటికి లేచి ఆవరణలోనే ఒక చెట్టు కింద కూర్చుంటే కలుస్తుంది. స్పీకర్ తీసుకుపోవద్దు. ఘాట్ రోడ్డులో కోతులకు ఏమీ పెట్టవద్దు, మనం పెట్టే అరటిపండ్ల వల్లే అవి లారీల కింద పడుతున్నాయి. తీసుకుపోయిన ప్లాస్టిక్ ప్రతి ముక్కా వెనక్కి తేవాలి. అక్కడిది రాయి, ఈక, గింజ ఏదీ ఇంటికి తెచ్చుకోవద్దు. నేనొకసారి ముళ్లపంది ముల్లు తెచ్చి షోకేసులో పెట్టాను, మా ఆవిడ ఆ వారమే దాన్ని బయట పారేయించింది, ఇంట్లో ఉంటే గొడవలట. కారణం ఏదైతేనేం, పని మంచిదే.

హైదరాబాద్ నుంచి నెలనెలా అంత దూరం కుదరదంటారు, తెలుసు. అప్పుడు దగ్గరి అడవితో మొదలుపెట్టండి. జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఉంది, నాలుగు వందల ఎకరాలు కూడా లేని జాతీయ పార్కు, చుట్టూ హారన్లు. మా బంధువు ఒకాయన అక్కడ ఇరవై ఏళ్లుగా నడుస్తున్నాడు, నెమళ్లు ఏ చెట్టు మీద పడుకుంటాయో చెప్తాడు. విశాఖలో ఉంటే కంబాలకొండ. మా అల్లుడు అమెరికాలో, వాళ్ల అపార్ట్‌మెంట్ వెనక ఉన్న చిన్న చెట్లతోపులో రోజూ ఒకే బాట మీద నడుస్తాడు. నాలుగో ఏడాది నాకు ఫోన్ చేసి, "మామయ్యా, నా మేపుల్ చెట్టు ఈసారి వారం ముందే ఎర్రబడింది" అన్నాడు. 'నా' అన్నాడు చూడండి. వాడికి ఎవరూ ఏ స్నానమూ నేర్పలేదు.

2019లో యురేనియం తవ్వకాల గొడవ వచ్చినప్పుడు 'సేవ్ నల్లమల' అని ఊరూవాడా పోస్టులు పెట్టింది. ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం కూడా చేసింది. ఆ పోస్టులు పెట్టినవాళ్లను నేను వెటకారం చేయను, అందరూ కలిసి అరిస్తేనే పని జరిగింది. కానీ ఏటా ఫిబ్రవరి నుంచి మే దాకా అడవి ఎక్కడో ఒకచోట కాలుతూనే ఉంటుంది, అప్పుడు కొమ్మలతో కొట్టి నిప్పు ఆర్పేది ఫైర్ వాచర్లే, పోస్టుల్లో వాళ్ల ఊసు ఉండదు. చుట్టరికం కలిసిందో లేదో నేను దీన్నిబట్టే చూసుకుంటాను: టీవీలో 'నల్లమలలో మంటలు' అని స్క్రోలింగ్ వస్తే, ఏ బీట్‌లో, ఎవరున్నారక్కడ అని ఫోన్ తీస్తానా, చానెల్ మారుస్తానా అని.

నిద్ర పట్టడం లేదన్నారు, దానికి డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లండి. అడవి మందు కాదు. చుట్టాలింటికి వెళ్తే మనసు కుదుటపడుతుంది గానీ షుగర్ తగ్గదు కదా, ఇదీ అంతే.

ఈ ఏడాది రోహిణి కార్తెలో వెళ్లాను, గూడెం కుర్రాడు ఒకడు తోడొచ్చాడు. నల్లమద్దికి ఒకవైపు బెరడు నల్లగా కాలి ఉంది, మార్చిలో నిప్పు వచ్చిందట, పైన కొమ్మలు బాగానే ఉన్నాయి. రాయి మీద పోద్దామని రెండు లీటర్ల సీసా మోసుకుపోయాను. చూస్తే రాయి అప్పటికే తడిగా ఉంది, ఎవరో పోసి ఎక్కువసేపు కాలేదు. ఎవరని కుర్రాణ్ని అడిగితే, "ఎవరో ఒకరు పోస్తనే ఉంటారు సామీ" అన్నాడు. అక్కడే కూర్చుని ఆ నీళ్లు ఇద్దరం తాగేసి వచ్చాం.